ఆ గదిలో కాస్త ఆలస్యంగా తెల్లారనివ్వండి

కర్టెన్ల షాపుకి వెళ్లగానే సేల్స్‌మన్ అడిగే మొదటి ప్రశ్న "ఏ రంగు చూపించమంటారమ్మా?" అని. మనమూ గోడ రంగేమిటో, దుప్పట్ల రంగేమిటో గుర్తు చేసుకుని చెప్తాం. అతను తానులు విప్పి పరుస్తాడు. పూలున్నవి, లతలున్నవి, మెరుపులున్నవి. అరగంటలో బేరం కుదిరిపోతుంది. ఆ గదిలో పడుకునేది ఎవరు, వాళ్లు లేవాల్సింది ఎన్నింటికి అని మాత్రం ఎవరూ అడగరు. హాలు కర్టెన్ అందంగా ఉంటే చాలు. పడకగది కర్టెన్‌కి ఇంకో పని కూడా ఉంది కదండీ!

మా కడియంలో ఆ పని కొంచెం ఎక్కువే. ఎందుకంటే మా వైపు తొందరగా తెల్లారుతుంది. దేశం మొత్తానికి ఒకటే గడియారం. ఆ గడియారానికి లెక్క కట్టిన రేఖాంశం (82.5 డిగ్రీలు) మా కాకినాడ దగ్గర్లోంచే పోతుంది. పడమటికి పోయేకొద్దీ సూర్యుడు ఆలస్యం. జూన్ మొదటి వారంలో ముంబైలో దాదాపు ఆరింటికి, హైదరాబాదులో 5.40 ప్రాంతంలో సూర్యోదయమైతే, మాకు ఐదున్నర కాకుండానే అయిపోతుంది. అంతకు ఇరవై నిమిషాల ముందే కిటికీ తెల్లబడుతుంది. పడుకునేది మాత్రం అందరం ఒకే టైముకి. రాత్రి టీవీ సీరియళ్లు హైదరాబాదు వాళ్లకీ మాకూ ఒకేసారి అయిపోతాయి మరి!

ఇంకొకటి కూడా ఉంది. వేసవిలో సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించడు. ఈశాన్యం వైపుకి జరిగిపోతాడు. డిసెంబరులో ఆగ్నేయం వైపుకి వస్తాడు. "మా పడకగదికి తూర్పు కిటికీ లేదు, ఉత్తరం కిటికీయే, మాకేం ఇబ్బంది?" అనుకున్నవాళ్లకి కూడా మే, జూన్ నెలల్లో పొద్దున్నే ఏటవాలుగా ఎండ మంచం మీదికి వచ్చేది అందుకే. కర్టెన్ ఎక్కడ కావాలో తెలుసుకోవాలంటే ఒక్క వేసవి ఉదయం ఐదుంబావుకి లేచి గదిలో నిలబడి చూడండి. ఇంజినీరు అక్కర్లేదు.

మా అమ్మమ్మ గారింట్లో ఈ గొడవే లేదు. పెంకుటిల్లు. కిటికీలకి టేకు రెక్కలు, లోపలివైపు గడియ. రెక్కలు మూస్తే పట్టపగలు కూడా గది చీకటే. బాలింతలని ఆ గదిలోనే పడుకోబెట్టేవాళ్లు. తర్వాత డాబాలొచ్చాయి, గాజు రెక్కలొచ్చాయి, ఇప్పుడు అటూ ఇటూ జరిగే అల్యూమినియం కిటికీలొచ్చాయి. వెలుతురు బాగా రావాలని కట్టుకున్నాం, వచ్చింది. దాన్ని ఆపే రెక్క మాత్రం పోయింది. ఆ రెక్క చేసిన పనంతా ఇప్పుడు మీటరు లెక్కన కొనే గుడ్డ చెయ్యాలి.

మా తోడికోడలి గది

మా తోడికోడలు రాజమండ్రిలో నర్సు. నైట్ డ్యూటీ పడితే రాత్రి ఎనిమిది నుంచి పొద్దున్న ఎనిమిది దాకా. ఇల్లు చేరేసరికి తొమ్మిది. పిల్లలు అప్పటికే స్కూలుకి వెళ్లిపోతారు. ఓ గ్లాసు పాలు తాగి పడుకునేసరికి తొమ్మిదిన్నర. మా ఇంట్లో వాళ్ల గది తూర్పు వైపుది. పెద్ద కిటికీ. పైన అద్దాల వెంటిలేటరు. ఆ టైముకి ఆ గది ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

మొదట్లో దుప్పటి ముసుగేసుకుని పడుకునేది. వేసవిలో ముసుగు సాధ్యమా? పన్నెండింటికల్లా ఎర్రబడ్డ కళ్లతో వంటింట్లోకి వచ్చేసేది. "నిద్ర పట్టిందా అమ్మాయ్?" అంటే, "పడుకున్నానక్కా" అనేది. పడుకోవడం వేరు, నిద్రపోవడం వేరు కదా. ఆ రాత్రి మళ్లీ సూదులు, సెలైన్లు, మందుల డోసులు చూసుకోవాల్సిన మనిషి. ఓసారి డ్యూటీ నుంచి వస్తూ బస్సులో నిద్రపోయి మా స్టాపు దాటి ద్వారపూడి దాకా వెళ్లిపోయింది. ఇంట్లో నవ్వుకున్నాం గానీ, ఆ మర్నాడే మా మరిది కర్టెన్లు కొనుక్కొచ్చాడు.

ముదురు నీలం రంగు. రెడీమేడ్. చూడ్డానికి ఎంత చీకటిగా ఉన్నాయో! తగిలించాక చూస్తే గదంతా నీలి వెలుగు, సినిమా పాటలో సెట్టింగులాగ. ముదురు రంగైతే వెలుతురు ఆగుతుందని మనలో చాలామంది అనుకుంటాం. పల్చటి గుడ్డ ఏ రంగుదైనా జల్లెడే. ఆపేది రంగు కాదు, నేత, దాని వెనకున్న పూత.

షాపుల్లో "బ్లాకౌట్" అని అమ్మేవాటిలో రెండు రకాలున్నాయి. ఒకటి, రెండు పొరల మధ్య నల్ల నూలు కలిపి దట్టంగా నేసినది. ఇది మెత్తగా జారుతుంది, ఉతుక్కోవచ్చు, వెలుతురు చాలామటుకు ఆగుతుంది గానీ పూర్తిగా ఆగదు. రెండోది, వెనకవైపు రబ్బరులాంటి పూత వేసినది. తెలుపు, నలుపు, మళ్లీ తెలుపు, ఇలా మూడుసార్లు పూస్తారు. మధ్యనున్న నల్ల పూత వెలుతురుని ఆపుతుంది. పైకి కనిపించే తెల్ల పూత కిటికీ వైపు ఉండి ఎండని కొంత తిప్పికొడుతుంది. మీటరు ఎంతో అడిగే ముందు ఒక పని చెయ్యండి. ఫోన్లో టార్చి వేసి గుడ్డ వెనక పెట్టండి. చుక్కలు చుక్కలుగా వెలుగు కనిపిస్తే అది మొదటి రకం. ఏమీ కనిపించకపోతే రెండోది. షాపతను ఏ పేరు చెప్పినా టార్చి అబద్ధం చెప్పదు. తాడితోట బట్టల మార్కెట్‌లో నేనిలా టార్చి వేసి చూస్తుంటే పక్కనున్నావిడ కూడా ఫోన్ తీసింది!

అంచుల సంగతి

అయితే ఎంత మంచి గుడ్డ తెచ్చినా సగం పని కుట్టించడంలోనూ, తగిలించడంలోనూ ఉంది. దీన్ని ఎవరూ చెప్పరు. మిట్టమధ్యాహ్నం గది తలుపు వేసి, కర్టెన్ దించి, మంచం మీద పడుకుని కిటికీ వైపు చూడండి. వెలుతురు గుడ్డలోంచి రాదు. పైనుంచి, పక్కల నుంచి, రెండు కర్టెన్లు కలిసే చోటు నుంచి గీతలు గీతలుగా వస్తుంది. చీకటి గదిలో ఆ ఒక్క గీత ట్యూబులైటులా కనిపిస్తుంది.

ఇప్పుడు ఫ్యాషనంతా పెద్ద పెద్ద రింగులున్న కర్టెన్లదే. జరపడానికి సుఖం, నిజమే. కానీ రాడ్డుకి పైన గుడ్డ వంపులు తిరుగుతుంది, ఆ వంపుల సందుల్లోంచి వెలుతురు నేరుగా సీలింగు మీద పడి గదంతా పరుచుకుంటుంది. నిద్రే ముఖ్యమనుకుంటే రింగులు వద్దు. కుచ్చులు పెట్టి వెనక హుక్కులు వేయించుకుంటే గుడ్డ రాడ్డుని కప్పేస్తుంది. లేదా పాత డాబాల్లో కిటికీల మీద చెక్క పెల్మెట్లు ఉండేవి, గుర్తుందా? దుమ్ము పడుతుందని, పాతకాలం ఫ్యాషనని చాలామందిమి పీకించేశాం. పైనుంచి వచ్చే వెలుతురుని ఆపడానికి దాన్ని మించినది లేదు. మీ ఇంట్లో ఇంకా ఉంటే పొరపాటున కూడా తీయించకండి.

రాడ్డు కిటికీకి సరిగ్గా సరిపోయేంత ఉంటే చాలదు. రెండు వైపులా ఎనిమిదేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి, కిటికీకి ఆరంగుళాలు పైన ఉండాలి. చివర్లు గోడలోకి వంగి ఉండే రాడ్డు అయితే పక్క సందు కూడా మూసుకుపోతుంది. మామూలు రాడ్డయితే కర్టెన్ బయటి అంచుకి వెల్క్రో పట్టీ కుట్టించి, గోడకి రెండో పట్టీ అంటించుకోవచ్చు. మా తోడికోడలి గదికి మేం చేసింది ఇదే. మధ్యలో రెండు కర్టెన్లు ఒకదాని మీదికి ఒకటి నాలుగంగుళాలైనా ఎక్కాలి. పొడుగు నేల దాకా ఉంటే మంచిది. కిటికీ అడుగుకే ఆగిపోతే కింద నుంచి వెలుతురు ఎగదన్నుతుంది.

గుడ్డ ఎంత పడుతుందంటే, నాలుగడుగుల వెడల్పు కిటికీ అనుకోండి. పక్కలు కలిపితే రాడ్డు 64 అంగుళాలు. కుచ్చులకి రెట్టింపు, 128. పన్నా 48 అంగుళాల గుడ్డయితే మూడు పన్నాలు, అంటే ఒక్కో కర్టెన్‌కి ఒకటిన్నర. కిటికీ పైనుంచి నేల దాకా ఏడున్నర అడుగులు, మడతలకి ఇంకో తొమ్మిదంగుళాలు, మొత్తం రెండున్నర మీటర్లు. మూడు పన్నాలకి ఏడున్నర మీటర్లు. పెద్ద డిజైనున్న గుడ్డయితే పూలు కలపడానికి ఇంకొంచెం పోతుంది, కాబట్టి పడకగదికి పెద్ద డిజైన్లు దండగని నా అభిప్రాయం.

ఇంత గుడ్డ కొనాలా అని దిగులు పడకండి. ఉన్న కర్టెన్లు పారెయ్యక్కర్లేదు. వాటి వెనక విడిగా ఇంకో సన్న రాడ్డు వేసి, దానికి పూత గుడ్డ మాత్రం తగిలించుకోవచ్చు. కనిపించేది కాదు కాబట్టి అన్ని కుచ్చులు అక్కర్లేదు, రెండు పన్నాలు చాలు, ఐదు మీటర్లు. పగలంతా పక్కకి జరిపేసుకోవచ్చు. అదీ కుదరకపోతే పాత మందపాటి దుప్పటి, నల్లదో ముదురు గోధుమరంగుదో, వెనక కుట్టేసినా ఫరవాలేదు. బరువు ఉంటుంది, రాడ్డు గట్టిది చూసుకోండి.

మేం అన్నీ చేశాక కూడా గదిలో వెలుతురు! ఎక్కడిదా అని చూస్తే వెంటిలేటరు. కిటికీ మీద అంత హడావుడి చేసి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మా మరిది నిచ్చెనేసుకుని అట్టముక్క కొలిచి కోసి, నల్ల కాగితం అంటించి బిగించాడు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేసుకోవచ్చు.

చామంతికున్న మర్యాద

మా ఊరికి బయటివాళ్లెవరొచ్చినా నర్సరీలు చూడ్డానికే వస్తారు. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, ఎటు చూసినా మొక్కలే. శీతాకాలం రాత్రుళ్లు అటువైపు వెళ్తే మొక్కల మధ్య బల్బులు వెలుగుతూ కనిపిస్తాయి. కొత్తవాళ్లు పెళ్లనుకుంటారు. అది చామంతుల కోసం. చామంతి పొడుగాటి చీకటి రాత్రులుంటేనే మొగ్గ తొడుగుతుంది. రాత్రి మధ్యలో లైటు వేస్తే ఇంకా పగలు పొడుగ్గానే ఉందనుకుని ఆకులు వేసుకుంటూ ఎదుగుతుంది గానీ పూయదు. మొక్క బాగా గుబురుగా ఎదిగాక లైట్లు ఆపేస్తారు, అప్పుడు పూస్తుంది. మొక్కలు పగలూ రాత్రుల పొడుగుని ఇలా పసిగడతాయని గార్నర్, అలార్డ్ అనే అమెరికా శాస్త్రవేత్తలు 1920లో ప్రకటించారు.

మనిషి సంగతీ కొంత అలాంటిదే. చీకటి పడ్డాక మన మెదడులో మెలటోనిన్ అనే హార్మోను ఊరుతుంది. శరీరానికి ఇది రాత్రి అని చెప్పేది అదే. కంటికి వెలుతురు తగిలితే అది తగ్గిపోతుంది. చూపుతో సంబంధం లేకుండా, వెలుతురు ఉందా లేదా అని మెదడుకి కబురు పంపే కణాలు కంటి లోపల విడిగా ఉన్నాయని 2002లో తేలింది. రెప్పలు మూసుకున్నా వెలుతురు కొంత లోపలికి వెళ్తూనే ఉంటుంది. శరీరంలోని ఈ గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టిన ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. రాత్రంతా పనిచేసి పగలు పడుకునే మనిషికి శరీరం ఎలాగూ ఎదురు తిరుగుతూనే ఉంటుంది. దానికి తోడు కళ్ల మీద ఎండ కూడానా?

చామంతికి ఎన్ని గంటల చీకటి కావాలో మా ఊళ్లో చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. పగలు పడుకున్న ఆడదాని విషయానికొస్తే మాత్రం ఆ లెక్క ఎవరికీ గుర్తుండదు. పేపరు మిల్లులోనో రైల్వేలోనో షిఫ్టు చేసొచ్చిన మగాడు పడుకుంటే పిల్లల్ని బయటికి తోలేసి రేడియో కట్టేస్తాం. అర్ధరాత్రి లేచి పూల మార్కెట్‌కి వెళ్లొచ్చిన ఆయన కునుకు తీస్తుంటే గుమ్మంలో చెప్పుల చప్పుడు కూడా చెయ్యం. అదే కోడలు పడుకుంటే గ్యాసు బండ వచ్చిందని లేపుతాం, బంధువులొచ్చారని లేపుతాం. మా వీధిలో ఒకావిడ అయితే కిటికీలోంచి తొంగి చూసి మరీ, "ఇంకా లేవలేదా?" అనేది. కర్టెన్ బిగించాక ఆ తొంగి చూడ్డం ఆగింది. అది లెక్కలో లేని లాభం. మా అత్తయ్యగారు కూడా మొదట "పగలు తలుపులు, తెరలు మూసుకుంటే ఇంట్లోకి లక్ష్మి రాదు" అన్నారు. "నెల జీతం తెచ్చేది ఆ గదిలో పడుకున్న లక్ష్మే కదండీ అత్తయ్యగారూ" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. కానీ వారం తిరిగేసరికి గ్యాసతను వస్తే గేటు దగ్గరికి ఆవిడే వెళ్లి, "బెల్లు కొట్టకు బాబూ, అమ్మాయి పడుకుంది" అనడం విన్నాను.

గాలి మాటేమిటి?

ఇదీ అసలు చిక్కు. ఏసీ ఉన్న గదికి ఇప్పటిదాకా చెప్పింది సరిపోతుంది. ఏసీ లేని ఇంట్లో, మే నెలలో, మా గోదావరి ఉక్కపోతలో కిటికీని నాలుగు వైపులా బిగించేస్తే చీకటి దొరుకుతుంది గానీ నిద్ర దొరకదు. పూత గుడ్డలోంచి గాలి అస్సలు రాదు. అలాంటిచోట వెలుతురుని గది లోపల ఆపడం కంటే బయటే ఆపడం మంచిది. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక కర్టెన్‌కి తగిలితే, వేడి ఎలాగూ వచ్చేసినట్టే.

దీనికి మా ఊళ్లో మందు గుమ్మంలోనే ఉంది. నర్సరీల్లో మొక్కల మీద కట్టే గ్రీన్ నెట్. 50 శాతం నీడనిచ్చేది, 75 ఇచ్చేది, 90 ఇచ్చేది అని రకాలుంటాయి. కిటికీ సన్‌షేడ్ అంచు నుంచి 75 లేదా 90 శాతం నెట్ కిందకి వేలాడదీసి, కింద కర్ర కడితే ఎగరదు. గాలి దూరుతుంది, నేరుగా పడే ఎండ ఆగుతుంది. లోపల మామూలు మందపాటి నూలు కర్టెన్ చాలు. మసక ఉంటుంది గానీ కటిక చీకటి ఉండదు. దానికి కళ్ల మీద మెత్తటి నూలు పట్టీ కట్టుకుంటే సరి. చెమటలో చీకటి కంటే గాలిలో మసక మేలని మా తోడికోడలే తేల్చింది. వేసవి రెండు నెలలూ పూత గుడ్డ తీసి మడత పెట్టేసి, నెట్ కట్టుకుంటుంది. ఓపికున్నవాళ్లు ఆ వైపు రాధామనోహరం తీగ పాకించుకోవచ్చు. కాకపోతే అది అల్లుకునేదాకా నెట్ ఉండాల్సిందే.

ఇదంతా చదివి ఇంట్లో గదులన్నిటికీ నల్ల తెరలు వేసేయకండి. రాత్రి పడుకుని పొద్దున్న లేచేవాళ్లకి తెల్లవారి వెలుతురు మంచిది. శరీరంలోని గడియారాన్ని రోజూ సరిచేసేది అదే. ఏడింటికి స్కూలు బస్సెక్కాల్సిన పిల్లల గదిలో చీకటి చేస్తే లేపలేక మీ గొంతే పోతుంది. ఐదింటికే వెలుతురు చూసి లేచిపోయి తల్లిని పడుకోనివ్వని పసిబిడ్డ ఉన్న గది, రాత్రి పదకొండుకి షాపు కట్టేసి వచ్చేవాళ్ల గది, షిఫ్టు చేసేవాళ్ల గది, ఒంట్లో బాగోక నిద్ర తక్కువైన పెద్దవాళ్ల గది, ఇలాంటివాటికే ఈ ఏర్పాటు. లేచాక మాత్రం తెర పూర్తిగా పక్కకి లాగేసి, కిటికీ తీసేయాలి.

ఉతకడం గురించి ఒక్క మాట. పూత గుడ్డని బ్రష్‌తో రుద్దకండి, పిండకండి, పూత వైపు ఇస్త్రీ పెట్టకండి. పగిలి పొట్టు రాలుతుంది. చల్లటి నీళ్లలో సబ్బు కలిపి ముంచి, నీళ్లు ఓడ్చి, నీడలో ఆరేస్తే చాలు. వానాకాలం మా వైపు గోడలు చెమ్మగిల్లుతాయి కదా, అప్పుడు వారానికోసారైనా కర్టెన్‌ని గోడకి దూరంగా లాగి ఫ్యాను గాలి తగలనివ్వండి. లేకపోతే వెనకవైపు బూజు చుక్కలు పడతాయి, అవి ఇక పోవు. కొనేపని ఆషాఢం డిస్కౌంట్ల దాకా ఆపుకోగలిగితే ఇంకా నయం. కిటికీ కొలతలు కాగితం మీద రాసుకుని వెళ్లండి, వెంటిలేటరుది కూడా.